పెన్నీ పేపర్లో 'ఫ్యాక్టరీ గర్ల్'

విక్టోరియా రాణి కాలపు సాహిత్య ఉత్తరాలు అనగానే ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లు డికెన్స్, జార్జ్ ఎలియట్‌ల సంపుటాలు తీస్తాయి. పగలంతా మగ్గం దగ్గర నిలబడి రాత్రి ఎడిటర్‌కు రాసుకున్నోళ్లు వాటిల్లో దొరకరు. అలాంటి ఒకామె ఎలెన్ జాన్‌స్టన్.

ఆమెది స్కాట్లాండ్‌లోని హామిల్టన్. తండ్రి రాళ్లపని మేస్త్రీ, అమెరికా పోయాడు. తల్లి మారుమనువు చేసుకుంది. పదకొండేళ్లకే మారుతండ్రి ఆమెను గ్లాస్గోలో ఆవిరి మగ్గాల ఫ్యాక్టరీలో పనికి పెట్టాడు. బడి చదువు అంతంత మాత్రమే గానీ పుస్తకాల పిచ్చి మెండు. వాల్టర్ స్కాట్ నవలలు చదివి తననూ ఒక కథానాయికగా ఊహించుకున్నానని స్వీయచరిత్రలో రాసుకుంది. తాతముత్తాతల నాటి బీరువాలున్న విమర్శకులకు ఇది నవ్వులాట. ఇంట్లో మొదటి పుస్తకం తానే కొన్నవాళ్లకు కాదు.

1840లో పెన్నీ తపాలా వచ్చింది. 1855లో వార్తాపత్రికల మీద స్టాంపు పన్ను పోయింది. పెన్నీకే ఉత్తరం ఊరు దాటింది, పెన్నీకే పేపరు కూలోళ్ల ఇంటికొచ్చింది. ఆ పేపర్లలో ఎడిటర్ జవాబుల శీర్షిక ఒకటుండేది. ఫలానావారి పద్యం వేసుకోలేం, ఛందస్సు కుదరలేదు అని పదిమంది ముందే చెప్పేవాళ్లు. గ్లాస్గో 'పెన్నీ పోస్ట్' ఎడిటర్ అలెగ్జాండర్ క్యాంప్‌బెల్ రాబర్ట్ ఓవెన్ శిష్యుడు, సహకార సంఘాలూ కార్మిక సంఘాలూ కట్టినవాడు. ఎలెన్ 'ఫ్యాక్టరీ గర్ల్' పేరుతో ఆ పేపరుకు రాసింది. పాఠకులు ఆమెకు పద్యాల్లో ఉత్తరాలు రాశారు, ఆమె పద్యాల్లోనే జవాబిచ్చింది. ఆమెను కవిని చేసింది ఈ రాకపోకలే అని నా అభిప్రాయం. పెద్దమనుషుల సిఫారసు తర్వాతి సంగతి.

1863 డిసెంబర్ 5న డండీలోని వెర్డంట్ ఫ్యాక్టరీ ఆమెను నోటీసు లేకుండా, కారణం చెప్పకుండా పనిలోంచి తీసేసింది. అప్పటి చట్టం ప్రకారం కూలీ మాట తప్పితే నేరం, జైలు. యజమాని తప్పితే ఉత్త సివిల్ తగాదా. (ఈ చట్టం మీద పోరాడినవాళ్లలో క్యాంప్‌బెల్ ఒకడు.) ఎలెన్ ఫోర్‌మన్‌ను కోర్టుకీడ్చి వారం కూలి గెల్చుకుంది. గెలిచాక తోటి ఆడకూలీలే వీధిలో ముఖాన ఉమ్మేశారు, బట్టలు లాగారు. ఇదంతా ఆమె దాచకుండా రాసింది. కార్మికవర్గ ఐక్యత గురించి ఉపన్యాసాలిచ్చే మిత్రులు ఈ పేజీ చదవాలి.

1867లో స్వీయచరిత్ర, పద్యాలు, పాటలు కలిపి పుస్తకమైంది. పాఠకుల పద్యలేఖలూ ఆమె జవాబులూ అందులో ఉన్నాయి. ముందు మాత్రం జార్జ్ గిల్‌ఫిలన్ అనే పాదిరి యోగ్యతాపత్రం ఉంది: చదువు తక్కువైనా పద్యాలు మెచ్చదగినవేనట. మనకూ తెలిసిన ధోరణే. ఇక్కడ 1855లో ఫూలే బడి పిల్ల ముక్తాబాయి, మాంగ్ కులం, పద్నాలుగేళ్లది, రాసిన వ్యాసాన్ని 'జ్ఞానోదయ' అనే మిషనరీ మరాఠీ పత్రిక అచ్చేసింది. ఇద్దర్నీ ఒకే గాటన కట్టలేం. ఎలెన్‌కు పేదరికముంది, అంటరానితనం లేదు. కోర్టు గుమ్మం ఆమెకు మైలపడలేదు. కానీ పత్రిక తలుపు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇద్దరిదీ.

ఎలెన్‌కు 1852లో పెళ్లి కాకుండానే కూతురు పుట్టింది. 1867 పుస్తకంలో ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్పుకుంది. 1869 రెండో కూర్పులో అది లేదు. పాదిరి మెప్పు కావాలంటే కూతురు పోవాలి కాబోలు! పరువు తెచ్చుకున్న ఆ పుస్తకం అన్నమేమీ పెట్టలేదు. 1870ల మొదట్లోనే గ్లాస్గోలోని బేరనీ పూర్‌హౌస్‌లో, అంటే దిక్కులేనోళ్ల సత్రంలో, ఆమె చనిపోయిందని చెబుతారు.

ఎలెన్ మీద పనిచేయాలనుకునే విద్యార్థులు రెండో కూర్పు దొరికిందని దాంతో ఆగొద్దు. మొదటి కూర్పు తెప్పించుకోండి. యోగ్యతాపత్రం దాటేసి, పాఠకుల ఉత్తరాల నుంచి మొదలుపెట్టండి.