పాత కారు కొంటున్నారా..? ‘ఎఫ్‌సీ ఉంది’ అనగానే నమ్మేయకండి.. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చెక్ చేసుకోండి!

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో చాలామంది పాత కారు కొనేది షోకు కోసం కాదు. రాత్రిపూట ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే నెల్లూరు తీసుకెళ్లాలి. ఉదయగిరి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. అందుకే ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో పదేళ్లు దాటిన కారు అయినా సరే అని బేరానికి దిగుతుంటారు. అక్కడ మొదట వినిపించే మాట.. ‘‘ఎఫ్‌సీ 2027 దాకా ఉందిలే అన్నా.. ఇంకేం చూసేది?’’

సరిగ్గా ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

ఆ తేదీకి అసలు అర్థం ఏంటంటే..

సొంత వాడకం కారుకు, అంటే తెల్ల నంబర్ ప్లేటు ఉన్న బండికి, రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆర్సీలో, ఎం-పరివాహన్ యాప్‌లో కనిపించే ఫిట్‌నెస్ గడువు కూడా అదే లెక్క. ఉదాహరణకు 2012 జూన్‌లో రిజిస్టర్ అయిన కారుకు గడువు 2027 జూన్ అని చూపిస్తుంది. ఆ తేదీ కొత్త కారు రిజిస్టర్ అయిన రోజే పడిపోయింది. తర్వాత ఆ బండి బోల్తా పడినా, వరదలో మునిగినా తేదీ మాత్రం అలాగే ఉంటుంది.

బ్రిటన్‌లో అయితే మూడేళ్లు దాటిన కారుకు ఏటా తనిఖీ తప్పనిసరి. నంబర్ కొడితే ఏ ఏడాది పాసైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది అన్నది ఆన్‌లైన్‌లో ఉచితంగా కనిపిస్తుంది. మన దగ్గర సొంత కార్లకు అలా ఏటా తనిఖీ లేదు. కాబట్టి కారు చరిత్రను కొనేవాళ్లే కాగితాల్లోంచి పోగు చేసుకోవాలి.

15 ఏళ్లు దాటితే..

గడువు ముగిసేలోపు ఫారం 25తో దరఖాస్తు చేసి బండిని తనిఖీకి చూపించాలి. పాసైతే మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లకు ఈ ఫీజు రూ.600 నుంచి రూ.5 వేలకు పెరిగింది. ఆలస్యమైతే నెలకు రూ.500 చొప్పున అదనం. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఫీజును రూ.10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. టైర్లు, బ్రేకులు, లైట్లు బాగు చేయించే ఖర్చు ఇంకా వేరే.

అంటే 13, 14 ఏళ్ల కారు ‘చవగ్గా వస్తోంది’ అంటే, రాబోయే ఆ ఖర్చు మీ నెత్తిన పడబోతోందన్నమాట. దాన్ని లెక్కేసుకునే బేరం ఆడండి. ఇప్పటికే రెన్యువల్ అయిన కారైతే, తనిఖీ ఏ తేదీన జరిగిందో అడగండి. నాలుగేళ్ల కింద పాసైన బండి ఇప్పుడు ఎలా ఉందో ఆ కాగితం చెప్పదు.

ట్యాక్సీగా తిరిగిందా?

పసుపు ప్లేటు బండ్ల సంగతి వేరు. వాటికి 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. కొన్ని బండ్లు ట్యాక్సీగా బాగా తిరిగాక తెల్ల ప్లేటుకు మారి అమ్మకానికి వస్తాయి. ఆర్సీ వివరాల్లో ఇంతకుముందు ఏ క్లాస్‌లో ఉందో, ఎంతమంది చేతులు మారిందో రవాణా శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఉంటే చూపించమనండి. నిజానికి అలాంటి బండికే తనిఖీ చరిత్ర ఎక్కువగా ఉంటుంది.

నంబర్ చూసి మోసపోకండి

2019కి ముందు నెల్లూరు జిల్లా బండ్లకు ఏపీ 26 ఉండేది. ఆ తర్వాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. అంటే ఏపీ 39 ప్లేటు చూసి బండి ఏ జిల్లాదో చెప్పలేం. ఇంకో మెలిక కూడా ఉంది. ఏపీ 09 నుంచి ఏపీ 13 వరకు హైదరాబాద్ నంబర్లు. ఏపీ 28, ఏపీ 29 రంగారెడ్డివి. ప్లేటు మీద ఏపీ అని ఉన్నా ఆ రికార్డులు తెలంగాణవి. అక్కడి నుంచి ఎన్వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ సంగతి చూసుకోవాలి. చెన్నై, బెంగళూరు నుంచి వచ్చే టీఎన్, కేఏ బండ్లకూ ఇంతే. ఎన్వోసీ చేతికి రాకుండా డబ్బంతా ఇచ్చేయొద్దు.

కారు చరిత్ర చెప్పే మూడు కాగితాలు

ఇన్సూరెన్స్: ఈ ఏడాది పాలసీతో పాటు పాతవి కూడా అడగండి. సొంత నష్టానికి కవర్ ఉన్న పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంత ఉందో చూడండి. అది 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. ఒకే ఓనర్ దగ్గర ఏళ్లుగా ఉన్న కారుకు బోనస్ హఠాత్తుగా సున్నా అయ్యిందంటే క్లెయిమ్ అయి ఉండొచ్చు. ఎందుకో అడగండి.

సర్వీస్ రికార్డు: కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేయించిన ప్రతిసారీ కిలోమీటర్లు రాస్తారు. ఓనర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి అడిగితే చరిత్ర బయటికొస్తుంది. మూడేళ్ల కింద 90 వేలు చూపించిన మీటర్ ఇప్పుడు 60 వేలు చూపిస్తుంటే.. చెప్పేదేముంది!

పొల్యూషన్ సర్టిఫికెట్: బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాది, అంతకన్నా పాతవాటికి 6 నెలలు చెల్లుతుంది. వరుసగా తీసుకున్న సర్టిఫికెట్లు ఉంటే బండి నిజంగా రోడ్డు మీద తిరుగుతూనే ఉందని తెలుస్తుంది.

వరద బండ్లతో జాగ్రత్త

2015 డిసెంబర్‌లో చెన్నై, 2021 నవంబర్‌లో పెన్నా వరదకు నెల్లూరు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ.. ఈ వరదల్లో ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. అలాంటివి కడిగి, తుడిచి, దూర ప్రాంతాల్లో అమ్మే అవకాశం ఉంటుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద మరకలుంటే తెలిసిపోతుంది. సీట్ల కింద ఇనుప పట్టాలకు తుప్పు, కార్పెట్ కింద ఇసుక, ముక్క వాసన, హెడ్‌లైట్ లోపల తేమ.. ఇవన్నీ గుర్తులే. బాగా తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. పగటి వెలుతురులోనే చూడండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు..

* ఇంజిన్, చాసిస్ నంబర్లు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి.
* ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే లోన్ తీరినట్టు ఎన్వోసీ, ఫారం 35 ఉండాలి.
* ఈ-చలాన్ బకాయిలు ఆన్‌లైన్‌లో చూసి, అమ్మేవాళ్ల చేతే కట్టించండి.
* ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి.

అమ్మిన వ్యక్తి 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో పేరు మార్పు సంగతి రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా మీ పేరు మీదికి మార్చుకోవాలి. ‘తర్వాత చూసుకుందాంలే’ అంటే ఇద్దరికీ ఇబ్బందే. రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనర్ అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒక కేసులో స్పష్టం చేసింది.

చివరిగా ఒక్క మాట. పాత కారన్నాక చిన్నాచితకా లోపాలు ఉంటాయి, వాటికి బేరంలో తగ్గించుకోవచ్చు. కానీ కాగితాలు అడిగితే ‘ఎఫ్‌సీ ఉందిగా’ అని మాట దాటేస్తున్నారా? అయితే ఆ బేరం అక్కడితో ఆపేయండి. అర్ధరాత్రి ఘాట్ దిగువనో, హైవే మీదో ఇంటిల్లిపాదితో ఆగిపోయే కారు ఎంత చవగ్గా వచ్చినా నష్టమే!