వరంగల్ వంటలో కాలపు కూరలు

వరంగల్ ప్రాంతంలో ఏ కాలపు కాయనూ ఆకునూ ఆ కాలంలోనే దొరికే పులుపుతో, పచ్చి ఆకులతో, ఇంట్లో దంచిపెట్టుకున్న పొడులతో కలిపి వండే ఇంటి వంట పద్ధతి గురించి ఈ వ్యాసం. ఇక్కడ వరంగల్ ప్రాంతం అంటే 2016కు ముందున్న ఉమ్మడి జిల్లా. స్థూలంగా చెప్పాలంటే ఇప్పటి హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు. తెలంగాణ వంట అనగానే అందరూ కారం గురించే మాట్లాడతారు. కారం ఏడాదంతా దాదాపు ఒకటే, ఎక్కువగా డబ్బాలో ఉండే ఎండుకారమే. నెల నెలకూ మారేది పులుపు. చింతచిగురు పోయి మామిడికాయ, మామిడికాయ పోయి పుంటికూర, ఆ తర్వాత పచ్చి చింతకాయ వస్తాయి. ఈ వరుస తెలిస్తే ఇక్కడి కూరల లెక్క చాలావరకు తెలిసినట్టే.

నేల, నీరు

ఈ ప్రాంతంలో ఎర్ర చెలకలూ నల్లరేగడీ పక్కపక్కనే కనిపిస్తాయి. వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు వరకు. ఎండకాలంలో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇంత ఎండే నేలలో కూరగాయ మళ్ళు నిలిచాయంటే చెరువుల పుణ్యమే. కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో తవ్వించిన పాఖాల, ములుగు వైపు రామప్ప, లక్నవరం, వాటితోపాటు ఊరూరా ఉన్న చిన్న కుంటలు వరికి నీళ్లిచ్చాయి. బావుల్లో ఊట నిలిపి, పెరట్లో సొర, బీర, చిక్కుడు పాదులకూ అవే ఆధారమయ్యాయి. రైతులు కాలాన్ని కార్తెల్లో లెక్కిస్తారు. మృగశిర వచ్చిందంటే విత్తనం నేలలో పడుతుంది. పెరట్లో బీర, పొట్ల, కాకర గింజలు గుచ్చేదీ అప్పుడే. వానకాలం తర్వాతి పంటను యాసంగి అంటారు. ధనియాలు, మెంతికూర, ముల్లంగి, ఉల్లాకు చలి పడ్డాక బాగా వస్తాయి. కొత్తిమీరకు ఎండ గిట్టదు. వేడి ముదిరితే ఆకు వేయడం మానేసి పూతకు పోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర కట్ట చిక్కిపోయి ధర పెరుగుతుంది. ఆ రోజుల్లో వంటింటిని ఆదుకునేవి కల్యమాకూ (కరివేపాకు) పుదీనా.

పులుపుల వరుస

చింతచెట్టు ఆకు రాల్చి కొత్త చిగురు తొడిగేది ఎండకాలంలో. లేత చిగురును అరచేతుల మధ్య నలిపి ఈనెలు తీసేసి, కందిపప్పులో వేస్తే చింతచిగురు పప్పు. ఎండబెట్టి దాచుకునే ఇళ్ళూ ఉన్నాయి. ఆ వెంటనే పచ్చి మామిడికాయ వస్తుంది. దానికి జోడు గంగవాయిలి కూర. ఈ కూర కండగల ఆకులో కొంచెం పులుపూ కొంచెం జిగురూ ఉంటాయి. ఎండకాలపు పప్పుకు ఇంతకన్నా మంచి కలయిక లేదని నా అభిప్రాయం. మామిడి పులుపు ఆకు జిగురును విరిచేస్తుంది, ఆకు మామిడి పదునును తగ్గిస్తుంది.

వానలు పడ్డాక పుంటికూర ముందుకొస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో గోంగూర అనేది దీన్నే. దీన్ని వండేటప్పుడు నీళ్ళు పోయకూడదు. ఆకును నూనెలో వేసి దాని తడితోనే మగ్గించి, ఆ తడి ఇగిరేదాకా కలుపుతారు. వేయించిన పచ్చిమిరపకాయలు, ఎల్లిగడ్డ, జీలకర్ర రోట్లో దంచి, చివర ఆకు వేసి నాలుగు పోట్లు పొడిచి, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు కలిపితే పచ్చడి తయారు. తడి మిగిలితే పచ్చడి రెండోనాటికే పాడవుతుంది.

చలికాలంలో పచ్చి చింతకాయలు వస్తాయి. వాటిని ఉప్పు, పసుపు వేసి దంచి, జాడీలో నిలవ పెట్టేదే చింతకాయ తొక్కు. అవసరమైనప్పుడు ఒక ముద్ద తీసి పచ్చిమిరపకాయలతో నూరి పోపు పెడతారు. చింతపండు మాఘ, ఫాల్గుణాల్లో కొట్టి, గింజ తీసి, ఏడాదికి సరిపడా కుండలో పెడతారు. ఏ పచ్చి పులుపూ దొరకని రోజులకు అదే దిక్కు. దానితో చేసే పచ్చిపులుసుకు పొయ్యితో పని దాదాపు లేదు. చింతపండు పిసికిన నీళ్ళల్లో నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, ఉప్పు నలిపి, కొత్తిమీర, నువ్వుల పొడి కలిపి, చిన్న పోపు పెడతారు. ఎండకాలపు మధ్యాహ్నం దీనికి సాటి లేదు.

పులుపు వాడకంలో వంటవాళ్ళందరూ పాటించే ఒక నియమానికి శాస్త్ర కారణం ఉంది. చిక్కుడు, గోకరకాయ (గోరుచిక్కుడు), పప్పు వంటివి ఉడికాకే పులుపు వేయాలి. కాయలో కణాలను పట్టి ఉంచే పదార్థం పుల్లటి నీళ్ళల్లో సులువుగా కరగదు. ముందే చింతపండు పోస్తే ముక్క ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటుంది. బెండకాయ పులుసులో ఇదే గుణం మేలు చేస్తుంది. ముక్క చెదరదు, జిగురూ తగ్గుతుంది.

వానకాలపు ఆకులు

ఈ వంటలో అన్నిటికన్నా సంపన్నమైన కాలం ఆషాఢం నుంచి భాద్రపదం దాకా. ఎవరూ విత్తని ఆకులు చెలకల్లో, గట్ల మీద, పెరటి గోడల వెంట మొలుస్తాయి. చెంచలికూర, దొగ్గలికూర, పొన్నగంటికూర, తుమ్మికూర, గునుగుకూర వీటిలో ముఖ్యమైనవి. తుమ్మికూరను వినాయక చవితినాడు తప్పకుండా వండే ఆచారం తెలంగాణలో ఉంది. గునుగును లేతగా ఉన్నప్పుడు ఆకుకూరగా తింటారు. మిగిలిన మొక్కలు ఎదిగి వెండిరంగు పూలు పూస్తే తంగేడుతోపాటు బతుకమ్మలో పేరుస్తారు.

ఈ ఆకులకు ఒక్కోదానికి ఒక్కో రుచి ఉంటుంది. కొన్ని వగరు, కొన్ని చిరుచేదు. అందుకే వీటికి మసాలా తక్కువ వేస్తారు. ఎల్లిగడ్డ చితక్కొట్టి, ఎండుమిరపకాయ తుంచి వేసిన పోపు, చివర నువ్వుల పొడి. అంతకు మించి వేస్తే ఆకు రుచే తెలియదు. పెసరపప్పుతో పొడికూరగా వండేవాళ్ళూ ఉన్నారు. నువ్వు ఇక్కడ చాలా పనులు చేస్తుంది. బరువులో దాదాపు సగం నూనే కాబట్టి కొద్ది పొడితోనే ఆకు వగరు అణుగుతుంది, పులుసు చిక్కబడుతుంది.

బోడకాకరకాయ కూడా ఈ రోజులదే. భూమిలో దుంప ఏళ్ళ తరబడి బతికి ఉండి, తొలి వానకు తీగ లేపుతుంది. ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మగ తీగ దగ్గర లేకపోతే కాయ కాయదు. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి అడవుల నుంచి వచ్చిన కాయలు హనుమకొండ, వరంగల్ అంగళ్ళలో కోడికూర ధరతో పోటీ పడతాయి. దీన్ని కడిగి నిలువుగా చీల్చి నూనెలో నిదానంగా వేయించి, చివర ఉప్పు, కారం, ఎల్లిగడ్డ, ఎండుకొబ్బరి దంచిన పొడి చల్లాలి. ఈ ఎండుకొబ్బరినే ఇక్కడ కుడుక అంటారు. మూత పెట్టి ఉడికిస్తే కాయ మెత్తబడి, దాని కరకర పోతుంది.

పచ్చి మక్కలు వచ్చేదీ అప్పుడే. గింజలు ఒలిచి, పచ్చిమిరపకాయ, అల్లం, ఎల్లిగడ్డ, జీలకర్రతో కచ్చాపచ్చాగా రుబ్బి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, కల్యమాకు కలిపి నూనెలో వేస్తే మక్కగారెలు. గింజ ముదిరితే పాలు ఇంకిపోయి గారె గట్టిపడుతుంది. లేతదైతే పిండి నిలవదు. గోరుతో గుచ్చితే పాలు చిందే కంకే సరైనది.

చలికాలం

చిక్కుడు తీగ పొద్దు కుదించుకున్నాక గానీ బాగా పూయదు. వానల్లో పందిరంతా అల్లుకున్నా కాయ కోసం కార్తీకం దాకా ఆగాల్సిందే. చిక్కుడుకాయ టమాట, వంకాయ టమాట, మెంతికూర పప్పు, ముల్లంగి చారు ఈ రోజుల వంటలు. లేత వంకాయలకు నాలుగు గాట్లు పెట్టి, వేయించిన పల్లీలు, నువ్వులు, కుడుక, ధనియాలు నూరిన ముద్ద కూరితే పండుగ కూర.

ఉల్లాకు బాగా దొరికే ఈ కాలం సర్వపిండికి కూడా అనువైనది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, తరిగిన ఉల్లాకు, కల్యమాకు, కొత్తిమీర కలిపి ముద్ద చేస్తారు. కొందరు సొరకాయ తురుము వేస్తారు. అప్పుడు సొరకాయ నీళ్ళతోనే పిండి తడిసిపోతుంది, వేరే నీళ్ళు పెద్దగా అక్కర్లేదు. నూనె రాసిన చల్లటి గిన్నెలో ముద్దను లోపలి గోడల వరకు పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని మంట మీద కాలుస్తారు. మరో వాయి వేయాలంటే గిన్నె చల్లారాలి, వేడి గిన్నెకు పిండి అంటుకోదు. అందుకే ఓపికున్న ఇళ్ళల్లోనే ఇది బాగా కుదురుతుంది.

మిరప, దినుసులు

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ మిర్చికి పేరుమోసింది. తేజ రకం ఘాటుకు, చపాట రకం రంగుకు అమ్ముడుపోతాయి. చపాట కాయ పొట్టిగా, లావుగా, టమాటను తలపించేలా ఉంటుంది. అందుకే దీనికి టమాట మిర్చి అనే పేరూ ఉంది. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ కాబట్టి పచ్చళ్ళకు కోరి కొంటారు. 2025లో వరంగల్ చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు లభించింది. తిమ్మంపేట మిర్చి రైతుల సంస్థ ఇందుకు దరఖాస్తు చేసింది. వంటకు సంబంధించి ఈ కాయ విలువ తేలిగ్గా చెప్పొచ్చు. కూర ఎర్రగా కనిపించాలని తేజ కారం ఎక్కువ వేస్తే నోరు మండి కూరగాయ రుచి పోతుంది. చపాట కారంతో ఆ ఇబ్బంది ఉండదు.

పసుపును నిజామాబాద్‌తోపాటు ఈ ప్రాంతంలోనూ పండిస్తారు. జీలకర్ర మాత్రం గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి రావాల్సిందే. ధనియాలు, జీలకర్ర, కొన్ని మెంతులు విడివిడిగా వేయించి దంచుకుంటారు. కలిపి వేయిస్తే ధనియం వేగేలోపు మెంతి మాడి చేదెక్కుతుంది.

పోపులో వరుసకూ కారణం ఉంది. నూనె బాగా కాగితేనే ఆవాలు చిటపటలాడతాయి, పగలని ఆవ చేదుగా ఉంటుంది. ఆవాలు పగిలాక జీలకర్ర, ఎండుమిరప, చితక్కొట్టిన ఎల్లిగడ్డ, చివర కల్యమాకు. మిరప ఘాటూ రంగూ నీళ్ళల్లో కన్నా నూనెలో బాగా దిగుతాయి. కాబట్టి ఎండుకారాన్ని పులుసు నీళ్ళల్లో వేసేకన్నా మంట తగ్గించి నూనెలో ఒక్క క్షణం తిప్పితే తక్కువ కారంతోనే కూరకు ఘాటూ రంగూ వస్తాయి. కల్యమాకు వేడి నూనెలో వాసన వదులుతుంది, కొత్తిమీర వేడికి వాసన పోగొట్టుకుంటుంది. అందుకే ఒకటి పోపులో, ఇంకొకటి గిన్నె దించాక.

చరిత్ర

కాకతీయుల నాటి వంట అంటూ ఎర్రటి కూరలు వడ్డించడం ఈమధ్య అలవాటైంది. అది పొరపాటు. ఓరుగల్లు (ఇప్పటి వరంగల్) 1323లో పతనమైంది. మిరపకాయ పోర్చుగీసు నౌకల ద్వారా మన తీరానికి చేరింది 16వ శతాబ్దంలో. టమాట, ఆలుగడ్డ, మక్క, పల్లీ కూడా అమెరికా ఖండాల నుంచి ఆ తర్వాత వచ్చినవే. మక్కగారెలు, పల్లీలు వేసిన సర్వపిండి కాకతీయ రాణి రుద్రమదేవి ఎరగని వంటలు. ఆమెకు తెలిసిన ఘాటు మిరియాలది, అల్లానిది, ఆవాలది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుంకం విధించిన సరుకుల్లో మిరియాలు ఉన్నాయి. ఓరుగల్లు అంగడి సుంకాల శాసనంలో కూరగాయలు, చింతపండు, నువ్వులు, ఆవాలు, పసుపు, అల్లం కనిపిస్తాయి. అంటే చింతపండు పులుపూ నువ్వుల చిక్కదనమూ పాతవి, ఎరుపు కొత్తది.

ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రుల సంచారాన్ని చెప్పే క్రీడాభిరామం అనే కావ్యంలో పూటకూళ్ళ ఇంటి భోజనం వస్తుంది. ఒక రూకకు అన్నం, గోధుమ పిండివంట, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగుతోపాటు నాలుగైదు నంజులు (అన్నంతో నంజుకునేవి) పెట్టేవారట. ఆ నంజులు ఏమిటో కవి వివరించలేదు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసేటప్పుడు ఇలాంటి కావ్యాలనే ఆధారం చేసుకున్నారు.

ఇప్పటి పరిస్థితి

1999లో మొదలైన రైతుబజార్లు చుట్టుపక్కల ఊళ్ళ కూరగాయను పట్నం దాకా తెచ్చాయి. అయితే ఎండకాలంలో టమాట మదనపల్లె నుంచి వస్తుంది, క్యాబేజీ, క్యాలీఫ్లవర్‌లకు ఇప్పుడు కాలమే లేదు. పెద్ద నష్టం జరిగింది మాత్రం విత్తని ఆకులకు. పత్తి చేలల్లో కలుపు మందు కొట్టడం పెరిగాక దొగ్గలి, చెంచలి, తుమ్మి అన్నీ కలుపుగానే లెక్కకొచ్చి మాడిపోతున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ ఆకులను ఆహారంగా లెక్కగట్టి, మందు కొట్టని మిశ్రమ పంటల చేలల్లో వాటిని నిలుపుకున్నాయి. వరంగల్ చెలకల్లోనూ అది సాధ్యమే. పత్తి సాళ్ళ నడుమ కాకపోయినా, గట్లనూ చెరువు అలుగుల పక్కనున్న నేలనూ మందు నుంచి తప్పిస్తే చాలు, ఈ ఆకులు వాటంతట అవే మొలుస్తాయి. వాటికి విత్తనం కొననక్కర్లేదు, నీళ్ళు పెట్టనక్కర్లేదు.