చవుటి మిద్దెలు

రాయలసీమ మట్టిమిద్దెల చరిత్రమనిన చవుటిమంటి చరిత్రమే. దూలములపై దంతెలు, వానిపై కసవు, మన్ను పఱచి, తుదకు చవుడు వేయుట పూర్వుల పద్ధతి. సోడియపు లవణములు గల ఈ మన్ను తడిసినంతనే మెత్తబడి, తన రంధ్రములను తానే మూసికొని నీటిని దిగనీయదు. పైరు మొలవని నేల ఇంటికి గొడుగైనది! తొలకరికి ముందు ఏటేట క్రొత్త చవుడు వేసి, తూములు బాగుచేయుట ఆచారము. అయితే పాతది గీచి తీయక క్రొత్తదే పోయుచు వచ్చిన యిండ్లు పెక్కులు. అది జమయే కాని ఖర్చు వ్రాయని లెక్క. ఎడతెగని ముసురునాడు ఆ బరువు మోయలేక దూలములు విఱిగి, మిద్దెలు నిద్రించువారిపై కూలినవి. (2009 అక్టోబరులో కర్నూలున మట్టియిండ్లు పడినది వరదకు గోడలు నాని; అది వేఱు.) బేతంచెర్ల నాపరాళ్లు, పిదప సిమెంటు రాగా చవుటిబండ్లు తగ్గినవి. ఇంకను మిద్దెలున్నవారు ఈ వేసవిలోనే పాతచవుడు దింపించి, గోడలో దూరిన దూలముల కొనలను పొడిచి చూడవలెను. పుచ్చు తఱచుగా అక్కడనే మొదలగును.