కాన్పుల లెక్క, భాషల గీత

యంత్రాలు వస్తాయి. జనం పల్లె వదిలి పట్నం చేరతారు, చదువుకుంటారు, పసిబిడ్డల చావులు తగ్గుతాయి. ఆ వెనకే కాన్పులూ తగ్గుతాయి. 1945 నాటికి అమెరికాలో ఫ్రాంక్ నోట్‌స్టైన్ వంటి జనాభా శాస్త్రజ్ఞులు చెబుతున్న మాట ఇది. వినడానికి సబబుగానే ఉంది. చిక్కల్లా చరిత్రతోనే. ఆవిరియంత్రాలు ముందు తిరిగింది ఇంగ్లండులో. కాన్పులు ముందు తగ్గింది మాత్రం ఫ్రాన్సులో, 1789 విప్లవానికి కాస్త అటూ ఇటుగా. అప్పటికి ఫ్రాన్సులో ఎక్కువమంది సేద్యం మీద బతికేవాళ్లే. ఇంగ్లండు దంపతులు ఆ దారి పట్టేసరికి 1870లు వచ్చాయి.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆన్స్‌లీ కోల్, ఎడ్గార్ హూవర్‌తో కలిసి 1958లో భారతదేశ జనాభా పెరుగుదల మీద పుస్తకం రాసినవాడు. ఆయన ముందున్న చిక్కూ ఇదే: మన దేశంలో కాన్పులు ఎప్పుడు తగ్గుతాయో చెప్పాలంటే, ఇప్పటికే తగ్గినచోట ఎందుకు తగ్గాయో తేలాలి కదా!

అక్కడ దారి చూపింది ఒక విద్యార్థి. విలియం లీజర్ స్పెయిన్‌లోని 49 ప్రాంతాల కాన్పుల లెక్కలు కట్టి పటం మీద గుర్తించాడు. పాత సిద్ధాంతమే నిజమైతే వెనకబడ్డ ప్రాంతాలన్నీ ఒక రంగులో, కలిగినవన్నీ మరో రంగులో తేలాలి. అలా తేలలేదు. స్పెయిన్ భాషల పటాన్ని పక్కన పెట్టి చూస్తే మాత్రం రెండింటి గీతలూ ఇంచుమించు కలిశాయి. ఎవరూ వెతకని చోట దొరికిన ఆధారం అది.

ఒక్క దేశాన్ని చూసి నమ్మడమెలా? 1963లో కోల్ యూరప్ మొత్తాన్నీ జల్లెడ పట్టడానికి పూనుకున్నాడు. 600కు పైగా ప్రాంతాలు, పాత జనాభా లెక్కలు, మారిపోయిన సరిహద్దులు. వీటికి తోడు ఇంకో తలనొప్పి. పశ్చిమ యూరప్‌లో చాలామంది ఆలస్యంగా పెళ్లాడేవారు, కొందరు అసలు పెళ్లే చేసుకునేవారు కాదు. పిల్లలు తక్కువ పుట్టారంటే పెళ్లిళ్లు తగ్గాయా, లేక పెళ్లయినవాళ్లే ఇక చాలనుకున్నారా? రెంటినీ విడదీయడానికి ఒక కొలబద్ద కావాలి. అది ఉత్తర అమెరికాలోని హటరైట్లనే క్రైస్తవ శాఖలో దొరికింది. గర్భనిరోధం వాళ్లకు నిషిద్ధం; ఒక్కో తల్లికి సగటున పదికి పైగా కాన్పులు. ఏ ఊరి దంపతులనైనా వాళ్లతో పోల్చి, ఎంత తగ్గారో చూడవచ్చు.

జర్మనీని జాన్ నోడెల్, ఇటలీని మాసిమో లివి బాచి తీసుకున్నారు. బెల్జియం పని రాన్ లెస్థేగ్‌ది. నా దృష్టిలో ఈ కథలో రసపట్టు అదే. ఫ్రెంచి, ఫ్లెమిష్ మాటల సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లు, ఒకే రకం బతుకుతెరువు. అయినా ఫ్రెంచి వైపు కాన్పులు ముందే తగ్గాయి. డబ్బు చెప్పలేనిది ఇరుగుపొరుగు ముచ్చట్లు చెప్పాయన్నమాట. ఇక చాలనుకోవచ్చు అన్న ఊహ, మాట తెలిసిన చోటికే ముందు పాకింది.

ఫలితాలన్నీ ఒకచోట చేరి పుస్తకమయ్యేసరికి 1986. ఫ్రాన్సును పక్కన పెడితే, సగానికి పైగా ప్రాంతాల్లో తగ్గుదల 1890, 1920ల మధ్యే మొదలైంది. ఒక్కో ప్రాంతాన్ని మరీ పెద్దదిగా తీసుకున్నారని, ఆర్థిక కారణాలను చిన్నబుచ్చారని తర్వాతివాళ్లు తప్పుపట్టారు. అందులో న్యాయముంది. కానీ 1973లోనే కోల్ చెప్పిన మూడు షరతులు నిలిచాయి: ఎంతమందిని కనాలన్నది మన చేతిలో ఉందని తోచాలి, తక్కువ కంటే మేలనిపించాలి, అందుకు ఉపాయం అందుబాటులో ఉండాలి. మొదటిదే కష్టం. ఎందరు పిల్లలు కావాలని అడిగితే దేవుడి దయ అన్న జవాబు సర్వేలవాళ్లు ఎన్నో దేశాల్లో విన్నారు.

2001లో క్రిస్టోఫ్ గిల్మోటో, ఇరుదయ రాజన్ కలిసి మన జిల్లాల పటాలు వేస్తే ఇక్కడా అదే తీరు కనిపించింది: దక్షిణాది నుంచి, తీరం నుంచి పక్క జిల్లాలకు వ్యాపించిన తగ్గుదల. ఆడవాళ్లలో సగంమందికే చదువొచ్చిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2005-06 సర్వే నాటికే ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1.79కి దిగాయి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులని 1994లో చట్టం చేసిన ఆంధ్రప్రదేశ్, 2024 నవంబరులో ఆ నిబంధనను తీసేసింది.