సహ్యాద్రి వానలు, నీలగిరి శోలలు

కన్నడ, తమిళ దేశములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో పెక్కు కుటుంబములు సహ్యాద్రి నీటిపై ఆధారపడినవే. బళ్ళారి రైతునకు తుంగభద్ర, కోయంబత్తూరు నగరవాసికి శిరువాణి, ఈరోడు ప్రాంతమువారికి భవాని, ఇవన్నియు ఆ కొండలమీద కురిసిన వానలే. ఆ వానలకును అచటి నిత్యహరితారణ్యములకును గల సంబంధము పూర్వమెట్లు మారుచు వచ్చినదో ఇచ్చట కొంత విచారింపదలచితిమి.

వాన అధికముగా కురిసినచోట అడవి ఎత్తుగా పెరుగునని సామాన్యముగా తలంతురు. ఇది సగము మాత్రమే నిజము. కృష్ణానది పుట్టిన మహాబలేశ్వరమున ఏటా 5,000 మిల్లీమీటర్లకు మించిన వర్షము కురియును. కాని అది దాదాపు అంతయు నైరుతి ఋతుపవనముల నాలుగు నెలలలోనే పడిపోవును. తక్కిన నెలలలో ఆకాశము వట్టిది. అందుచేత అచటి అడవిలో అల్లి, నేరేడు జాతుల పొట్టి చెట్లే అధికము. గాలియు, రాతినేలయు కూడ ఇందుకు కొంత కారణములే. దక్షిణమున అగస్త్యమల ప్రాంతమున పలుచోట్ల వాన అంతకంటె తక్కువ. ఐనను ఎండనెలలు రెండు మూడింటికి మించవు గనుక, 30, 40 మీటర్ల మహావృక్షములు అచట నిలిచినవి. వాన మొత్తముకంటె వానలేని నెలల లెక్కయే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

ఈ లెక్కను శ్రద్ధగా కట్టినవారిలో పుదుచ్చేరి ఫ్రెంచి పరిశోధన సంస్థ వృక్షశాస్త్రజ్ఞులు ముఖ్యులు. యానాముతోపాటు ఫ్రెంచివారి పాలన ముగిసిన వెంటనే, 1955లో ఏర్పడిన సంస్థ అది. పాలన పోయి పటములు మిగిలినవనవచ్చును. దక్షిణమునుండి ఉత్తరమునకు పోవుకొలదిని ఎండనెలలు పెరుగుటయు, ఆ ప్రాంతమునకే ప్రత్యేకమైన వృక్షజాతులు తగ్గుటయు వారి కృషివలన స్పష్టమైనది.

ఇక నీలగిరుల కథ వేరు. అచట 2,000 మీటర్లకు పైన లోయల మడతలలో శోలలనెడు చిన్న అడవులును, వాని చుట్టును విశాలమైన గడ్డిమైదానములును కలవు. అడవిని నరికి, కాల్చి, పశువులను మేపుటచేతనే గడ్డి ఏర్పడినదని కొందరు వాదించిరి. మంచుదెబ్బకు చెట్ల మొలకలు నిలువకపోవుటయే కారణమని 1938లో సి. ఆర్. రంగనాథన్ వ్రాసిరి. ఈ వివాదమునకు క్రొత్త సాక్ష్యము బురదనేలలలో దొరకినది. చచ్చిన మొక్కలు వేలయేండ్లుగా కుళ్ళక పేరుకొన్న నల్లని పొరలను సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ అను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 1993లో ఫలితములను ప్రకటించిరి. చెట్లయందును, ఉష్ణదేశపు గడ్డియందును బరువైన కార్బను పాలు ఒకటిగా నుండదు. గడ్డియందు అది కొంత ఎక్కువ. కనుక ఏ పొరలో ఏది అధికముగా పెరిగినదో చెప్పవచ్చును.

ఆ పొరలు చెప్పిన చరిత్ర ఇది. సుమారు 18,000 ఏండ్ల క్రిందట, మంచుయుగపు తీవ్రదశలో, వానలు సన్నగిల్లి గడ్డి విస్తరించెను. ఆనాటి గాలిలో బొగ్గుపులుసు వాయువు తక్కువగా నుండుటయు గడ్డికి కలిసివచ్చినది. 9,000 ఏండ్ల క్రిందట ఋతుపవనములు బలపడి చెట్టుజాతులు పుంజుకొనెను. 5,000 మొదలు 2,000 ఏండ్ల క్రిందటి వరకు మరల పొడికాలము. సుమారు 600 ఏండ్ల క్రిందట స్వల్పకాలము తేమ హెచ్చెను. ఇది విజయనగర తొలి రాజుల కాలమునకు దగ్గర. కాని నీలగిరి బురదనుబట్టి హంపీ వైభవమును వివరింపబూనుట సాహసమే యగునని మా అభిప్రాయము.

ఏమైనను, నీలగిరి గడ్డి మానవుని గొడ్డలికంటె ఎంతో పూర్వపుదని తేలినది. పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లేయులు దానిని బీడుగా నెంచి ఆస్ట్రేలియా తుమ్మలను, నీలగిరి తైలపు చెట్లను నాటించిరి. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వమువారును అదే త్రోవన మరింత విరివిగా నాటిరి. తుమ్మలు నాటినచోట నిలువక, తామే గడ్డిలోనికి ప్రాకినవి.

పూర్వము వానలు తగ్గినపుడు శోల లోయలలోనికి ముడుచుకొనెను. తేమ మరలినపుడు అచటినుండియే వెలుపలికి సాగెను. నేడు ఆ లోయల అంచులవరకు తేయాకు తోటలును, తుమ్మ తోపులును, జలాశయములును వచ్చినవి. ముడుచుకొనుటకు శోలకు త్రోవ కలదు. మరల సాగుటకు చోటు చాలవరకు పోయినది. భవానీనది ఈ శోలలనుండియే బయలుదేరుచున్నది.