మా మునిసిపల్ ప్లీడరుగారు

లీగల్ సెక్షన్‌లో పనిచేసిన సోదర పెన్షనర్లకు మునిసిపల్ ప్లీడరంటే ఎవరో చెప్పనక్కరలేదు. ఇంటిపన్ను, ఆక్రమణ, కుళాయి తగాదా ఏదైనా 1965 నాటి మునిసిపాలిటీల చట్టం చంకన పెట్టుకుని కోర్టుకు వెళ్ళేవారాయన. మా ప్లీడరుగారు ముప్ఫై ఏళ్ళు అదే పనిలో ఉన్నారు. ఫీజు బిల్లు మాత్రం ఏడాదికి గాని పాసయ్యేది కాదు. ఆడిట్ సంగతి మీకు తెలిసిందే.

మురుగుకాలవల కేసులన్నిటికీ మా జవాబు ఒకటే: నిధులు లేవు. పేరావారీ రిమార్కులు రాసేది నేనే. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఇటువంటి బాధపడలేక జనం అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980 జూలైలో జస్టిస్ కృష్ణయ్యర్, మన ఓ. చిన్నప్పరెడ్డిగారు నిధులు లేవన్న సాకు చెల్లదని తేల్చారు.

తరువాత నేను పట్టుకెళ్ళిన పాత జవాబును ప్లీడరుగారు తిప్పికొట్టారు.

"ఇది నేను కోర్టులో చదవలేనయ్యా. కాలవ ఎప్పటికి కడతారో తేదీ రాయించుకురా."

ఆఫీసులో చివాట్లు నాకే. మూడుసార్లు తిరిగాక తేదీ పడింది. కాలవ ఆ తేదీకి కాదు, మరో ఆరునెలలకు పూర్తయింది. ప్లీడరుగారి ఫీజు అంతకన్నా ఆలస్యంగా వచ్చింది.