తండ్రి చనిపోలేదు

మాస్కో ఆర్ట్ థియేటర్ గురించి చెప్పుకునే కథల్లో నాకు బాగా నచ్చేది ఇది. ఒకరోజు స్తానిస్లావ్‌స్కీ కుర్ర నటులకి ఒక అభ్యాసం ఇచ్చాడు: మీ జీవితంలో నిజంగా జరిగిన ఒక ఘట్టాన్ని గుర్తు తెచ్చుకుని, అప్పటి ఉద్వేగంతో చేసి చూపించండి. ఒకతను తన తండ్రి అంత్యక్రియలు చేసి చూపించాడు. గురువు కరిగిపోయి కౌగిలించుకున్నాడు. తీరా చూస్తే తండ్రి బతికే ఉన్నాడు! ఊహ మరీ ఎక్కువైందని శిష్యుణ్ణి క్లాసు నుంచి పంపేశారట.

ఆ శిష్యుడు మైఖేల్ చెహోవ్ (1891–1955). కథకుడు అంతోన్ చెహోవ్‌కి అన్న కొడుకు. 1912లో ఆర్ట్ థియేటర్‌లో చేరాడు.

నటుడికి ముడిసరుకు ఎక్కడినుంచి రావాలి, సొంత జ్ఞాపకం నుంచా, ఊహ నుంచా? నటన నేర్పేవాళ్ళ మధ్య ఈ తగువు ఇంకా తేలలేదు. చెహోవ్ ఊహవైపు నిలబడ్డాడు. అదేదో స్వాప్నికుడి సరదా అనుకునేవాణ్ణి, అతని జీవితం గురించి చదివేదాకా. 1917 తర్వాత రెండు మూడేళ్ళలో బంధువు ఆత్మహత్య, పెళ్ళి విడిపోవడం, తల్లి మరణం. తాగుడు, భయాలు, స్టేజి ఎక్కలేని స్థితి. అలాంటి రోజుల్లోనే, 1918లో, మాస్కోలో సొంత స్టూడియో పెట్టి పాఠాలు మొదలుపెట్టాడు. లోపలికి తవ్వుకుంటే ఏం బయటపడుతుందో అతనికి బాగా తెలుసు. ఇంకో దారి వెతుక్కోవడం అతనికి సిద్ధాంతం కన్నా ముందు అవసరం అయిందని నాకనిపిస్తుంది.

ఆ దారి ఒంటి మీదుగా పోతుంది. ఈ పాత్రకి అసలేం కావాలి? లాక్కోవాలా, తోసెయ్యాలా, దాక్కోవాలా? ఆ కోరికని ఒళ్ళంతా వాడి ఒకే ఒక్క పెద్ద కదలికగా చెయ్యాలి, మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. నాటకంలో అది ప్రేక్షకులకి కనపడదు, కానీ మాటకీ చూపుకీ వెనక పనిచేస్తూనే ఉంటుంది. దీన్నే సైకలాజికల్ జెస్చర్ అన్నాడు. ఇంకో అభ్యాసంలో మన శక్తికి కేంద్రం ఛాతీలో ఉందని ఊహించుకుని నడవాలి, తర్వాత దాన్ని ఇంకోచోటికి మార్చాలి. తలుపేసుకుని నేనూ చేసి చూశాను. ముక్కు చివర పెట్టుకుని నడిస్తే, అయిదు నిమిషాల్లో పక్కింటి విషయాలన్నీ కావలసిన మనిషినైపోయాను! దానికోసం నా గతంలో దేన్నీ కెలకాల్సిన పని పడలేదు.

సోవియట్ ప్రభుత్వానికి అతని ఆధ్యాత్మిక ధోరణి గిట్టలేదు. 1928లో దేశం వదిలాడు. బెర్లిన్, పారిస్, లాత్వియా, లిథువేనియా తిరిగి 1936లో ఇంగ్లండ్‌లోని డార్టింగ్టన్ హాల్‌లో స్టూడియో తెరిచాడు. టాగోర్‌తో కలిసి శ్రీనికేతన్‌ని నిలబెట్టిన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్, అతని భార్య డొరొతీ నడిపిన ఎస్టేట్ అది. అక్కడ చెహోవ్ ఒకపక్క ఇంగ్లీషు నేర్చుకుంటూ ఇంకోపక్క ఆ భాషలోనే పాఠం చెప్పాడు. ఆ పాఠాల్ని డీర్‌డ్రా హర్స్ట్ డు ప్రే అనే శిష్యురాలు షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంది. యుద్ధం ముంచుకొస్తుంటే స్టూడియో అమెరికాకి మారింది, 1942లో మూతపడింది. అయినా ఆ పద్ధతి బతికింది. తోసెయ్యడానికీ ముడుచుకోవడానికీ అనువాదం అక్కర్లేదు కదా.

తమాషా ఏంటంటే, హాలీవుడ్‌లో అతనికి ఆస్కార్ నామినేషన్ తెచ్చిన పాత్ర, హిచ్‌కాక్ ‘స్పెల్‌బౌండ్’ (1945)లో ఒక ముసలి సైకోఎనలిస్టు. ఎదుటివాడి జ్ఞాపకాల్ని తవ్వడమే ఆయన వృత్తి!

“పాత్రకోసం నెలల తరబడి నరకం చూశాను” అని హీరోలు ఇంటర్వ్యూల్లో చెబితే మనం ఇప్పటికీ చప్పట్లు కొడతాం. అలాంటివి చూసినప్పుడల్లా నాకు చెహోవ్ ఆత్మకథలో చెప్పుకున్న ఒక అనుభవం గుర్తొస్తుంది. రష్యా వదిలిన కొత్తల్లో, మాక్స్ రైన్‌హార్ట్ నాటకంలో, తనది కాని జర్మన్ భాషలో స్కిడ్ అనే విదూషకుడి వేషం వేశాడు. ఉన్నట్టుండి స్కిడ్‌ని తనే బయటినుంచి చూస్తున్నట్టు అనిపించిందట. బాధపడుతున్నది స్కిడ్. చెహోవ్ అతని మీద జాలిపడుతున్నాడు, తర్వాత ఏం చెయ్యాలో ప్రశాంతంగా చూసుకుంటున్నాడు. ఒకప్పుడు స్టేజి ఎక్కడానికే భయపడిన మనిషికి దొరికిన చోటు అది.